పడికట్టు మాటలే కావాలి

న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో రికార్డయిన ఒక పాత సంభాషణ యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. మీలో కొందరైనా వినే ఉంటారు. ఎయిర్ చైనా విమానం ఒకటి దిగి గేటు వైపు వెళ్తోంది. నేలమీది విమానాల్ని చూసుకునే కంట్రోలర్ పైలట్‌ని అడుగుతాడు, ర్యాంప్‌లోకి రావడానికి మీకు క్లియరెన్స్ ఇచ్చారా అని. పైలట్ దాన్ని అనుమతి అనుకుని, సరే, ర్యాంప్‌లోకి వెళ్తున్నాం అని అప్పజెబుతాడు. కంట్రోలర్ మళ్లీ అడుగుతాడు. మళ్లీ అదే జవాబు. నేనడిగింది ప్రశ్నయ్యా అని కంట్రోలర్ విసుక్కుంటాడు. ఆయన విసుగు పెరుగుతుంది గానీ అవతలివాడికి అర్థం కావడం మాత్రం పెరగదు.

ఈమధ్య మా కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఇది మళ్లీ వచ్చింది. కింద వరసగా నవ్వు బొమ్మలు. "వీళ్ల చేతుల్లోనా మన ప్రాణాలు" అని ఒకడు. "ఇంగ్లీషు రానివాడికి లైసెన్సు ఎవడిచ్చాడ్రా" అని ఇంకొకడు. అందరూ హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డ తెలుగువాళ్లే. వీళ్ల ఇంగ్లీషు విని నవ్వుకునే గ్రూపులు కూడా ఎక్కడో ఉండే ఉంటాయి, ఆ సంగతి వదిలేద్దాం. నా గొడవ అది కాదు. ఆ సంభాషణలో తప్పు చైనా పైలట్‌దని అందరూ ఎంత తేలిగ్గా తీర్మానించేశారో, అదీ నా గొడవ.

ఒక్కసారి ఆ ప్రశ్నని రేడియోలో పెట్టి చూడండి. మన భాషలో ప్రశ్న తోకలో ఉంటుంది. ఇచ్చారు, ఇచ్చారా. ఇంగ్లీషులో తలలో ఉంటుంది. హేవ్ దే అనే రెండు పొట్టి మాటలు ముందు పడితేనే అది ప్రశ్న. విమానాల రేడియోలో మాట్లాడాలంటే మీట నొక్కి పట్టుకోవాలి. తొందరలో ఉన్నవాడు మీట పూర్తిగా నొక్కకముందే మాట మొదలెడతాడు, మొదటి అక్షరాలు ఎగిరిపోతాయి. తల పోయిన ఆ ప్రశ్నలో మిగిలేది ఏమిటి? క్లియర్డ్ అనే మాట, ర్యాంప్ అనే మాట. పైలట్ చెవి రోజంతా దేనికోసం కాచుక్కూచుంటుందో ఆ మాట. ఆ రోజు మీట దగ్గర ఏం జరిగిందో నేను చెప్పడం లేదు. కానీ తల మీద ఆధారపడే వాక్యాన్ని, అందులోనూ క్లియర్డ్ అన్న మాట పొదిగి, పరాయిదేశపు పైలట్ మీదికి వదలడం మంచి పని కాదని చెప్పడానికి నాకు నిపుణుడి సర్టిఫికెట్ అక్కర్లేదు.

నేను పైలట్‌ని కాను, కంట్రోలర్‌ని కాను. ప్రమాదాల దర్యాప్తు నివేదికలు చదవడం నాకు పాతికేళ్ల నాటి అలవాటు. డిటెక్టివ్ నవలలు విసుగొచ్చాక పట్టుకున్న వ్యసనం అనుకోండి. ఇన్నేళ్లు చదివాక నాకు బలంగా అనిపిస్తున్నది ఇది: ఆకాశంలో జనాన్ని చంపింది చచ్చు ఇంగ్లీషు కన్నా మంచి ఇంగ్లీషే ఎక్కువ. మంచి అంటే ధారాళమైనది, మర్యాదైనది, నలుగురూ మెచ్చుకునేది.

ఇది సాహిత్య పత్రిక కాబట్టి ఒక మాట. మన విమర్శకుల దగ్గర పడికట్టు పదం అంటే తిట్టు. కవిత్వంలో పడికట్టు పదాలు దొర్లాయి అంటే కవి ముఖం మాడిపోతుంది. పడికట్టు రాయి అంటే అసలు ఏమిటి? తూకం రాయి. అందరి దగ్గరా ఒకే బరువుండే రాయి. కవికి అది చేటు కావొచ్చు గానీ బజారుకి అదే న్యాయం. అంగట్లో ఒక్కో కొట్టువాడు తన సొంత కవిత్వంతో తూస్తానంటే మనం ఊరుకుంటామా? విమానాల రేడియోకి ఉన్నదీ ఇలాంటి తూకం రాళ్ల భాషే. అందులో మళ్లీ చెప్పు అనడానికి రిపీట్ అనకూడదు, సే ఎగైన్ అనాలి. సైన్యంలో ఫిరంగులవాళ్లకి రిపీట్ అంటే మళ్లీ పేల్చమని. అవును అనడానికి అఫర్మేటివ్ అనకుండా అఫర్మ్ అని తుంచుతారు, ఎందుకంటే అఫర్మేటివ్, నెగెటివ్ రెండింటికీ తోక ఒకటే, చప్పుడులో తోక ఒక్కటే వినబడితే చచ్చాం. మూడుని ట్రీ అనాలి, అయిదుని ఫైఫ్ అనాలి, తొమ్మిదిని నైనర్ అనాలి. కాన్వెంటు టీచరు వింటే బెత్తం తీసుకుంటుంది. కావాలనే వంకర చేసిన ఇంగ్లీషు అది. ఫైవ్, నైన్ రెండూ ఒకేలా వినబడతాయి కాబట్టి ఒకదానికి తోక తగిలించారు. ఫోన్లో ఇరవయ్యో అరవయ్యో తేలక "రెండు సున్నాయా, ఆరు సున్నాయా" అని అడిగిన ప్రతి తెలుగువాడికీ ఈ అవసరం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

సరే, మంచి ఇంగ్లీషు చంపింది అన్నాను కదా.

1977 మార్చి 27. కానరీ దీవుల్లోని టెనెరిఫె. పక్క దీవిలోని పెద్ద విమానాశ్రయంలో బాంబు పేలడంతో విమానాల్ని లాస్ రోడియోస్ అనే ఈ చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. పక్కదారుల్లో విమానాలు నిలబడిపోవడంతో, ఎగరాల్సినవి రన్‌వే మీదే నడుచుకుంటూ పోయి అటు చివర వెనక్కి తిరగాలి. ఎత్తుమీది ఊరు, మబ్బు నేలకి దిగింది. టవర్‌కి రన్‌వే కనబడదు. నేలమీది విమానాల్ని చూపించే రాడార్ లేదు. రన్‌వే చివర ఎగరడానికి తయారుగా కేఎల్ఎమ్ వాళ్ల 747. అదే రన్‌వే మధ్యలో, తను తప్పుకోవాల్సిన పక్కదారి కోసం వెతుక్కుంటూ పాన్ ఆమ్ వాళ్ల 747. ఒకరికొకరు కనబడరు. అందరికీ కలిపి ఉన్నదల్లా ఒక రేడియో.

కేఎల్ఎమ్ కో-పైలట్ రెండు విషయాలు కలిపి చెప్పాడు: టేకాఫ్‌కి సిద్ధం, మార్గానికి అనుమతి కోసం చూస్తున్నాం అని. కంట్రోలర్ మార్గం చెప్పాడు. ఎగిరాక ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకి వెళ్లాలి. ఎగరమని చెప్పలేదు. కానీ ఆ మార్గం చెప్పే వాక్యంలో టేకాఫ్ అన్న మాట దొర్లింది, టేకాఫ్ తర్వాత కుడికి తిరుగు అని. కో-పైలట్ దాన్ని తిరిగి అప్పజెబుతుండగానే కెప్టెన్ విమానాన్ని కదిలించేశాడు. అప్పజెప్పడం అయిపోయి, కో-పైలట్ చివర ఒక మాట తగిలించాడు: వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్.

ఈ వాక్యం మీద భాషాశాస్త్రవేత్తలు చాలా రాశారు. డచ్చి భాషలో ఒక పని జరుగుతూ ఉంది అనడానికి ఉన్న పద్ధతి ఇంగ్లీషులోకి జారి, ఎట్ టేకాఫ్ అయిందని వాళ్లలో కొందరి వాదన. అంటే ఆయన చెప్పదల్చుకున్నది పరిగెడుతున్నాం అని. కంట్రోలర్‌కి అర్థమైంది, ఎగిరే చోట నిలబడ్డాం అని. మనవాళ్లకి ఇది కొత్త కాదు. "ఎక్కడున్నావురా" అంటే "బయల్దేరుతున్నా, దారిలో ఉన్నా" అంటాడు, నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. బయల్దేరుతున్నా అంటే ఇప్పుడా, రేపా, ఇంకా తువ్వాలు చుట్టుకుని ఉన్నాడా? అందులో అబద్ధం లేదు, వ్యాకరణం తప్పూ లేదు. మన ఇంటి మాటల్లో ఆ వదులు ఉండటం వల్లే బతుకు సాఫీగా నడుస్తుంది కూడా.

కంట్రోలర్ జవాబు ఓకే అన్న మాటతో మొదలైంది. తర్వాత, టేకాఫ్ కోసం ఆగు, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో పాన్ ఆమ్ వాళ్లు గాభరాగా, మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అన్నారు. విమానాల రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మూడోవాడికి మిగిలేది ఈల. కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో వినబడినవి ఆ ఓకే, ఆ తర్వాత కొన్ని సెకన్ల ఈల. చెవికి వచ్చిన ఒకే ఒక్క తేట మాట ఓకే. ఏది ఓకే? ఏ అర్థమూ ఖచ్చితంగా లేని, ఏ అర్థాన్నయినా మోయగల మాట. ఆ తర్వాత పాన్ ఆమ్ రన్‌వే ఖాళీ చేశాక చెప్తాం అనడం విని, కేఎల్ఎమ్ ఫ్లైట్ ఇంజనీర్ ఒక్కడే అడిగాడు, అయితే వాడింకా తప్పుకోలేదా అని. కెప్టెన్, తప్పుకున్నాడులే అన్నట్టు గట్టిగా జవాబిచ్చాడు. 583 మంది చనిపోయారు. ఇప్పటికీ విమానయాన చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు.

కెప్టెన్ తొందర, మంచు, డ్యూటీ గంటల గడువు, ఇవన్నీ కారణాలే, నేను కాదనను. నేనడిగేది, ఇక్కడ ఇంగ్లీషు రానివాడు ఎవడు? కేఎల్ఎమ్ వాళ్లకి వచ్చు. పాన్ ఆమ్ వాళ్లది మాతృభాష. స్పానిష్ కంట్రోలర్ యాస వేరేగానీ మాట సరిపడా ఉంది. టెనెరిఫె తర్వాత ప్రపంచం తీసుకున్న మందు ఎవరికీ ఇంగ్లీషు పాఠాలు చెప్పడం కాదు, ఒక మాటకి తాళం వెయ్యడం. టేకాఫ్ అన్న మాటని ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలి. మిగతా అన్నిచోట్లా డిపార్చర్. నిఘంటువులో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. ధారాళంగా మాట్లాడేవాడు ఒకదాని బదులు ఇంకోటి వాడి పునరుక్తి తప్పించుకుంటాడు, మనకి బళ్లో నేర్పిన శైలి అదే కదా. ఇక్కడ పునరుక్తి తప్పిస్తే మనుషులు పోతారు.

ఓకే గురించి ఇంకో మాట. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొడతారు. ఊఁ అంటే వింటున్నా, నిద్రపోలేదు అని అంతే. అర్థమైందనీ కాదు, ఒప్పుకున్నాననీ కాదు. రేడియోలో రోజర్ అన్న మాటకి కూడా నియమం ప్రకారం అంతే విలువ, నీ మాట పూర్తిగా అందింది అని. దాంతో సరిపెట్టకుండా, ముఖ్యమైన ఆజ్ఞ ప్రతిదీ తిరిగి అప్పజెప్పాలని, దాన్ని ఆజ్ఞ ఇచ్చినవాడు చెవిపెట్టి వినాలని పెట్టారు. రెండో సగం మరిచిపోతే మొదటి సగం దండగ.

1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌లో జరిగిందదే. ఫ్లైయింగ్ టైగర్ అనే అమెరికన్ సరుకు విమానం దిగడానికి వస్తోంది. కంట్రోలర్ దిగమన్న ఎత్తు 2400 అడుగులు. చెప్పిన తీరు, డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో. ఇంగ్లీషులో రెండుకీ, చతుర్థీ విభక్తి లాంటి ఆ చిన్నమాటకీ ఉచ్చారణ ఒకటే. రెండు అన్నది వాళ్ల చెవిలో "కు" అయిపోయింది. నాలుగు వందలకు దిగు. ఓకే, ఫోర్ జీరో జీరో అని అప్పజెప్పారు. కంట్రోలర్ పట్టుకోలేదు. దారిలో కొండ ఉంది. నలుగురు సిబ్బందీ పోయారు. విమానంలో నేలని పసిగట్టే యంత్రం అరిచింది కూడా, వినిపించుకోలేదు, అది సిబ్బంది తప్పే. కానీ ఆ రెండు అనే అంకెని విభక్తిగా విన్న చెవి ఎవరిది? పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లది. భాష బాగా తెలిసిన చెవి ఖాళీలు తనే పూరించుకుంటుంది. మీరూ నేనూ తెలుగు వినేటప్పుడు చేసేది అదే. సగం వింటాం, మిగతా సగం అల్లుకుంటాం. దాన్నే భాష రావడం అంటాం.

ఇక ధారాళం, మర్యాద కలిసి చేసిన ఘనకార్యం చెప్తాను. 1990 జనవరి 25. కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52. వాతావరణం బాగోలేదు, రద్దీ. మూడు చోట్ల గాల్లో చక్కర్లు కొట్టించారు, మొత్తం 77 నిమిషాలు. కో-పైలట్ రేడియోలో ప్రయారిటీ కావాలన్నాడు, ఇంకో అయిదు నిమిషాలకి మించి ఆగలేం అన్నాడు. తర్వాత దిగడానికి ప్రయత్నించారు, గాలి కుదరక మళ్లీ పైకి లేచారు. కెప్టెన్ స్పానిష్‌లో చెప్పాడు, ఎమర్జెన్సీ అని చెప్పు అని. కో-పైలట్ రేడియోలో, ఇచ్చిన దిశ అప్పజెప్పి, దాని చివర తోకలాగా, ఇంధనం అయిపోతోందండీ అన్నాడు. కెప్టెన్‌తో మాత్రం చెప్పేశాను అన్నాడు. చెప్పాననే అనుకున్నాడు పాపం.

ఆ తర్వాత కంట్రోలర్, మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్లి మళ్లీ తిప్పుతాను, మీకూ మీ ఇంధనానికీ పర్లేదా అని అడిగాడు. కో-పైలట్ జవాబు: ఐ గెస్ సో, థ్యాంక్యూ వెరీ మచ్.

దీన్ని ఇంగ్లీషు రాకపోవడం అంటారా? నన్నడిగితే ఆ జవాబులో ఇంగ్లీషు పొంగిపొర్లుతోంది. ఐ గెస్ సో అన్నది వ్యాకరణ పుస్తకం చదివి అనగలిగే మాట కాదు, ఆ దేశపు నుడికారం అది. ఎదుటివాడు పెద్ద, పనిలో ఉన్నాడు, ఇబ్బంది పెట్టకూడదు. మనం పెద్దాఫీసులో గుమాస్తా ముందు నిలబడి "కొంచెం చూడండి సార్, మీ వీలుని బట్టి" అంటామే, అచ్చం అదే మెత్తదనం. కాసేపటికి ఇంజన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. లాంగ్ ఐలాండ్‌లో కోవ్ నెక్ అనే చోట కొండవాలు మీద పడింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఇంధనం లేదు కాబట్టి మంటలు లేవు, మిగతావాళ్లు అందుకే మిగిలారు.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ సిబ్బంది తప్పుల్ని ముందు పెట్టింది. ఎమర్జెన్సీ అన్న మాట వాడలేదని రాసింది. దాంతోపాటు, ఇంధనం తక్కువైన స్థితినీ ప్రమాద స్థితినీ చెప్పడానికి అందరికీ అర్థమయ్యే ప్రామాణికమైన మాటలు లేకపోవడం కూడా ఒక కారణమని రాసింది. వాట్సాప్ గ్రూపుల వాళ్లు మొదటి సగమే చదువుతారు. ఆ రాత్రి ఆ కుర్రాడికి కావాల్సింది ధారాళం కాదు, మేడే అనే ఒక్క మాట, మూడుసార్లు. అది ఏ యాసలో అన్నా మేడేయే. దాన్ని వింటే ఏ కంట్రోలరూ పర్లేదా అని అడగడు.

మా పెద్దనాన్న రైల్వేలో స్టేషన్ మాస్టర్. గుంతకల్లు వైపు చిన్న చిన్న స్టేషన్లలో పనిచేశాడు. పక్క స్టేషన్లో ఉన్నాయన తమిళుడో కన్నడిగుడో, ఫోన్లో యోగక్షేమాలు నాలుగు భాషల్లో నడిచేవి. కానీ బండికి లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు గొంతు మారిపోయేది. బండి నంబరు, టైము, చివర ప్రైవేట్ నంబరు. ప్రైవేట్ నంబరు అంటే ముందే అచ్చేసి ఇచ్చిన చీటీలో వరసగా ఉండే అంకెలు, ఒకటి వాడగానే కొట్టేయాలి. ఆ అంకె అవతలాయన చెప్పి, ఈయన రాసుకుంటేనే మాట చెల్లినట్టు. "సరేనండీ పంపించండి" అని ఎంత స్పష్టంగా అన్నా చెల్లదు. ఇద్దరూ ఇరవయ్యేళ్ల స్నేహితులైనా చెల్లదు. స్నేహం ఉన్నచోటే ఎక్కువ జాగ్రత్త కావాలి అనేవాడు ఆయన, మాట సగంలోనే అర్థమైపోతుంది కాబట్టి. మన రైల్వేలో ఒకరి భాష ఒకరికి సరిగా రాని వేలమంది ఇలా మాట్లాడుకునే బళ్లు నడిపారు. వాళ్లకెవరూ యాస దిద్దలేదు.

ఇక్కడ నా మీదికి వచ్చే ప్రశ్న నాకు తెలుసు. చర్ఖీ దాద్రీ సంగతేంటి అని. అడగాల్సిందే. 1996 నవంబర్ 12 సాయంత్రం, ఢిల్లీకి పడమర హర్యానా పొలాల మీద, ఢిల్లీ నుంచి ఎగిరిన సౌదీ 747, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ గాల్లో గుద్దుకున్నాయి. 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. సౌదీ విమానంలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది పొట్టకూటికి వెళ్తున్న మన దేశంవాళ్లు. సౌదీ విమానాన్ని 14 వేల అడుగుల దగ్గర, కజక్ విమానాన్ని 15 వేల అడుగుల దగ్గర ఉండమన్నారు. కజక్ విమానం కిందికి దిగిపోయింది. జస్టిస్ లహోటీ విచారణ సంఘం కజక్ సిబ్బందికి ఇంగ్లీషు చాలకపోవడాన్ని కారణాల్లో ఒకటిగా స్పష్టంగా చెప్పింది. నేను దాన్ని దాచను. ఆజ్ఞ అర్థం కానంత తక్కువ భాషతో ఎవరూ ఎగరకూడదు. అందరికీ తెలిసిన ఒక భాష ఉండాలన్నదీ నిజమే. 1976లో జాగ్రెబ్ మీద రెండు విమానాలు గుద్దుకునే ముందు కంట్రోలర్ తన భాషలోకి మారిపోయాడు, రెండో విమానంలోని బ్రిటిష్ వాళ్లకి ఏం జరుగుతోందో తెలిసే వీల్లేకపోయింది.

కానీ దాద్రీ కథని అక్కడ ఆపేసేవాళ్లతో నాకు పేచీ. ఆ కజక్ విమానంలో రేడియో మాట్లాడినవాడు పైలట్ కాదు, వేరే రేడియో ఆపరేటర్. అతని ముందు ఎత్తు చూపే పరికరం లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడాలి. అంటే చెవి ఒకడిది, నోరు వాడిదే, చెయ్యి ఇంకొకడిది. ఢిల్లీకి వచ్చేవాటికీ పోయేవాటికీ అప్పుడు ఒకటే దారి, ఎదురెదురుగా. కంట్రోలర్ రాడార్ విమానం ఎక్కడుందో చూపించేది గానీ ఎంత ఎత్తులో ఉందో చూపించేది కాదు. అతను ఆధారపడగలిగింది అవతలివాడి మాట మీదే, ఆ మాట సరైన అంకెనే చెప్పింది. చెయ్యి మాత్రం ఇంకో అంకె దగ్గరుంది. ఆ తర్వాత మన ప్రభుత్వం ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టే యంత్రాన్ని తప్పనిసరి చేసింది, రాకపోకల దారులు వేరు చేసింది. ఇవన్నీ చేసింది మనమే. అయినా దాద్రీ అనగానే మన నోట వచ్చేది "వాళ్లకి ఇంగ్లీషు రాలేదట" అనే. ఆ మాట అంటే మన వైపు లెక్క చూసుకోనక్కర్లేదు మరి.

దాద్రీ తర్వాత కొన్నేళ్లకి, 2003లో ఐకావో భాషా స్థాయిల నియమం తెచ్చింది. ఒకటి నుంచి ఆరు దాకా మెట్లు. అంతర్జాతీయంగా ఎగరాలన్నా కంట్రోల్ చేయాలన్నా కనీసం నాలుగో మెట్టు కావాలి. నాలుగో మెట్టువాడికి మూడేళ్లకోసారి, అయిదో మెట్టువాడికి ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెట్టాలని సిఫారసు. ఆరో మెట్టువాడికి జీవితంలో మళ్లీ అక్కర్లేదు. ఆరో మెట్టు అంటే ఎవరు? ప్రధానంగా ఇంగ్లీషు ఇంటిభాష అయినవాళ్లు. అంటే నియమాన్ని రాసుకున్న తీరు చూడండి. పడికట్టు మాటల్ని బిక్కుబిక్కుమంటూ పట్టుకుని వేలాడేవాడికి మళ్లీ మళ్లీ పరీక్ష. సొంత భాష కదా అని ధీమాగా రెండు మాటలు ఎక్కువ, జోకు ఒకటి, వాడుకమాట ఒకటి కలిపి వదిలేవాడికి శాశ్వత మినహాయింపు. అమెరికాలో రన్‌వే ఎక్కి ఆగు అనడానికి ప్రపంచమంతా వాడే లైనప్ అండ్ వెయిట్ బదులు వాళ్ల సొంత మాట పొజిషన్ అండ్ హోల్డ్ నడిచింది, 2010 సెప్టెంబర్ దాకా. భారత పైలట్ అక్కడికి వెళ్తే వాళ్ల మాట నేర్చుకోవాలి. వాళ్ల పైలట్ ఇక్కడికి వస్తే తడబడినా అతని ఇంగ్లీషుని ఎవరూ శంకించరు.

మా చెల్లెలి కొడుకు పైలట్ అవుదామని తిరుగుతున్నాడు. మన దగ్గర పైలట్‌కి రేడియో వాడే లైసెన్సు వేరే ఉంది, ఆర్‌టీఆర్ అంటారు. మొన్నమొన్నటిదాకా టెలికాం శాఖవాళ్లు పరీక్ష పెట్టేవాళ్లు, కొత్త వాయుయాన చట్టం వచ్చాక డీజీసీఏకి అప్పజెప్పారు. వాడు చేరిన కోచింగ్ వాళ్లు పడికట్టు మాటలు వారంలో ముగించి, మిగతా నెలంతా యాస దిద్దారు. ర అక్షరాన్ని నాలుక మడిచి పలకడం, మాటలు కలిపేసి వేగంగా అనడం. ఆ వేగమే గొప్ప అన్నట్టు. ఫీజు లక్షల్లో. వాడు ఇంట్లో అభ్యాసం చేస్తుంటే విన్నాను. మొదటి రోజుల్లో ఒక్కో అంకె విడివిడిగా వినబడేది, నెల తర్వాత ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "బాగా ఇంప్రూవయ్యాడు" అని మా చెల్లెలు మురిసిపోతోంది. ఐకావో మాత్రం రేడియోలో నిమిషానికి వంద మాటలు దాటకూడదంటుంది. ఆ సంగతి ఆ కోచింగ్ కరపత్రంలో ఎక్కడా లేదు.

పడికట్టు మాటలు అన్నీ కాపాడేస్తాయని నేననడం లేదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో కోస్ట్ గార్డ్ విమానానికి కంట్రోలర్, నంబర్ వన్, రన్‌వే ముందు ఆగే చోటు సీ5 దాకా వెళ్లు అని చెప్పాడు. పైలట్ దాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అప్పజెప్పి, రన్‌వే మీదికి వెళ్లాడు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం వచ్చి గుద్దింది. కోస్ట్ గార్డ్ వాళ్లు ఆరుగురిలో అయిదుగురు పోయారు. పెద్ద విమానంలోని 379 మందీ మండుతున్న విమానంలోంచి బయటపడ్డారు. ఇక్కడ ఇద్దరూ జపాన్ వాళ్లే, నియమం ప్రకారం ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. అప్పజెప్పడంలో తప్పు లేదు. మరి ఏది జారింది? నంబర్ వన్. ఎగిరే వరసలో నువ్వే మొదటివాడివి అనే సమాచారం. ఆజ్ఞ కాదు. అది లేకపోయినా ఆజ్ఞ పూర్తి అయ్యేది. తొందరలో ఉన్నవాడి చెవిలో ఆ నంబర్ వన్ నీ వంతు వచ్చింది, పద అని మోగింది. భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తున్న విమానం అది, తొందర ఉండదా? ఆ ప్రమాదం తర్వాత జపాన్‌లో కొంతకాలం ఆ మాట వాడటమే ఆపేశారు.

కాబట్టి నేను కోరుతున్నది పెద్ద విషయమేం కాదు. ఆరో మెట్టు మినహాయింపు తీసేయండి. అందరికీ మూడేళ్లకోసారి పరీక్ష పెట్టండి, ఆ పరీక్షలో యాసకీ ధారాళానికీ మార్కులు తగ్గించి, ఎక్కువ మాట్లాడినందుకు మార్కులు కొయ్యండి. కంట్రోలర్ ప్రశ్న అడగాలంటే క్లియర్డ్ అన్న మాట లేకుండా అడగాలి, టేకాఫ్‌కి వేసినట్టు దానికీ తాళం వెయ్యండి. మన కోచింగ్ సెంటర్లలో నాలుక మడిచే క్లాసులకి పెట్టే గంటలు, ఎదుటివాడు తప్పు అప్పజెబితే పట్టుకునే అభ్యాసానికి పెట్టండి. కెన్నెడీ కంట్రోలర్‌ని కూడా ఆ పరీక్షకి కూర్చోబెట్టండి, పక్కనే ఎయిర్ చైనా పైలట్‌ని కూర్చోబెట్టండి, ఇద్దరికీ ఒకే పేపరు ఇవ్వండి.